భుజం మీద తాకా

(పదకొండో వారం)

కిందటి వారం రూపాలిని మనం ఆటోలో వదిలేశాం. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా పద్మానగర్‌లో బయలుదేరి, నిజాంపురా బజారు గుంతల్లో ఎగిరెగిరి పడుతూ పోతోంది. ఎందుకు పోతోందో ఒకసారి గుర్తు చేసుకుందాం. పాత సంచికలో పకోడీలు కట్టించుకున్న వాళ్ళకు కూడా అన్యాయం జరగకూడదు కదా.

రూపాలి తండ్రి గాలయ్యకు బొంబాయి దగ్గరి భివండిలో ఇరవై నాలుగు సాంచాలున్నాయి. మరమగ్గాన్ని ఇక్కడ మనవాళ్ళు సాంచా అంటారు. ఏడాదిగా ఆయన గిరాకీలు ఒక్కొక్కరే జారిపోతున్నారు. ఎవరూ పోట్లాడి పోలేదు, ఎవరూ ఒక మాట అని పోలేదు. మర్యాదగా నమస్కారం పెట్టి పక్క కార్ఖానాలో బట్ట కొనుక్కుంటున్నారు. సాంచాలన్నీ భంగారు కింద, అంటే పాత ఇనుము కింద, తూకానికి అమ్మేసి, కార్ఖానాను గోదాముగా అద్దెకిచ్చి కాళ్ళు చాపుకుంటానని గాలయ్య అన్న రోజున, రూపాలి పక్కనున్న ఠాణా పట్నంలో ఒక టెలిఫోను కంపెనీ ఫిర్యాదుల కౌంటరులో చేస్తున్న ఉద్యోగం మానేసి ఇంటికొచ్చింది. మూడు నెలల గడువు అడిగింది. ప్రతి గిరాకీ దగ్గరికీ తానే పోతానంది, ఆర్డరు కోసం కాదు, బట్ట ఎట్లా ఉందో అడగడానికి. విన్నదంతా ఒక వహీలో, అంటే లెక్కల పుస్తకంలో, రాస్తానంది. ఏం సరిచేశామో మళ్ళీ పోయి చెప్పి వస్తానంది. గాలయ్య నవ్వి, సరే కానియ్యమన్నాడు. కూతురు ఏదడిగినా ఆయన ముందు నవ్వుతాడు, తర్వాత ఆలోచిస్తాడు.

సాంచాలు నడిపే పనివాళ్ళకు కూడా రూపాలి ఒక మాట ఇచ్చింది. నేతలో తప్పు జరిగితే ఎవరిది వాళ్ళే వచ్చి చెప్పాలి. చెప్పినవాడి కూలి కొయ్యరు. వాడి పేరు వహీ దాటి బయటికి పోదు. నెల రోజులు ఎవ్వరూ నమ్మలేదు. చివరికి అందరికంటే పెద్దవాడు, తొమ్మిదో సాంచా కనుకయ్య, టోపీలా చుట్టిన తువ్వాలు విప్పి చేతిలో పట్టుకొని వచ్చి, నా బట్టల గీత పడ్డది బిడ్డా అని చెప్పాడు. పడుగులో పోగు తెగితే ఆయన మూడు సాంచాల అవతల ఉన్నాడట. చూసుకొనేసరికి పన్నెండు మీటర్ల మేర గీత పోయింది. అప్పటికే ఆ తాకా, అంటే వంద మీటర్ల ఆ బట్ట చుట్ట, గిరాకీకి చేరిపోయింది. కనుకయ్య చెప్పాక మిగతావాళ్ళ నోళ్ళు కూడా తెరుచుకున్నాయి.

ఆ చెడ్డ తాకా పోయింది సుశీలాబాయికే. పదిహేనేళ్ళ పాత గిరాకీ. రూపాలి ఫోను చేసి బట్ట ఎట్లా ఉందని అడిగితే, మంచిగనే ఉన్నది బిడ్డా అంది. వారం ఆగి మళ్ళీ అడిగితే మళ్ళీ అదే మాట. ఆ నెల ఆర్డరు మాత్రం రాలేదు. గడువులో ఇంక పదిహేడు రోజులే మిగిలాయి. వహీలో పనివాళ్ళ పేజీలు నిండుతున్నాయి, గిరాకీల పేజీలు తెల్లగా ఉన్నాయి. ఎవరికీ ఏ తక్లీఫూ లేదన్నమాట అని గాలయ్య మీసం తిప్పాడు. కౌంటరు వెనక రెండేళ్ళు తిట్లు తిన్న పిల్లకు మాత్రం నిద్ర పట్టడం మానేసింది. తిట్టేవాళ్ళు మళ్ళీ వస్తారని ఆమెకు తెలుసు. మంచిగనే ఉంది అంటూ మాయమయ్యేవాళ్ళతోనే ఆమెకు భయం.

సుశీలాబాయిది నిజాంపురాలో మేడ మీద కార్ఖానా, రూపాలి ఆటో దిగింది దాని ముందే. పన్నెండు మిషన్లు, పన్నెండు మంది ఆడవాళ్ళు, రోజంతా లంగాలు కుడతారు. భర్త పోయాక ఆమె ఒక్కతే దాన్ని నిలబెట్టింది. గొంతు పెద్దది. ఆమె మెట్ల మీద మాట్లాడితే కింద కూరగాయల బండివాడు జవాబు చెబుతాడు. చుట్టరికం లేకపోయినా రూపాలికి చిన్నప్పటి నుంచీ అత్తే. రూపాలిని చూడగానే చాయ్ తెప్పించింది, బాపు ఆరోగ్యం అడిగింది, అమ్మ మోకాళ్ళు అడిగింది, పెళ్ళి సంగతి కూడా అడిగింది. బట్ట సంగతి తప్ప అన్నీ మాట్లాడింది.

గోడ వారగా పేర్చిన తాకాల్లో ఒక్కటి కూడా తమది కాదని రూపాలి వచ్చీ రాగానే చూసింది. చాయ్ గ్లాసు పట్టుకొనే నిలబడింది. కూర్చోబుద్ధి కాలేదు. కిటికీ దాకా పోయింది, మళ్ళీ వచ్చింది. చివరికి, తొమ్మిదో సాంచా మీద నేసిన తాకా ఒకటి నెల కింద మీకు వచ్చింది, అది చూపించమని అడిగేసింది. సుశీలాబాయి ఆ తాకా ఎప్పుడో కత్తిరించామంది. కత్తిరించే బల్ల దగ్గరున్న ఆమె ఏదో అనబోయి ఆగిపోయింది. ఆమె చూపు పోయిన వైపే రూపాలి పోయింది. బల్ల కింద, పాత గోనెల వెనక, విప్పి చూసి మళ్ళీ కట్టేసిన తాకా ఉంది. రూపాలి అక్కడే నేల మీద కూర్చొని మడతలు విప్పుతూ పోయింది. నలభై మీటర్ల దగ్గర సన్నటి గీత మొదలైంది. వేలు పెడితే తెలిసిపోతోంది.

ఇది లంగాకు పనికొస్తుందా అత్తా అని అడిగింది. సుశీలాబాయి కూర్చున్నచోటే దారపు ఉండలు సర్దింది. ఎందుకు చెప్పలేదని అడిగింది. చాయ్ చల్లారిపోతోందని జవాబు వచ్చింది. రూపాలికి ఒక్కసారిగా కోపం వచ్చింది, ఆ వెంటనే ఏడుపు వచ్చింది. రెండున్నర నెలల నుంచి ఊరంతా తిరుగుతున్నాను, ఒక్కరు కూడా నిజం చెప్పరు, రేపు సాంచాలు భంగారు దుకాణానికి పోతే ముప్ఫై మంది ఇంటికి పోతారు, అప్పుడు కూడా మంచిగనే ఉందంటారా అని అడిగింది. అత్త అని పిలిచే మనిషితో అంత గట్టిగా ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు.

సుశీలాబాయి లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చింది. తర్వాత ఆమె చెప్పిన సంగతి ఇది.

నాలుగేళ్ళ కింద గాలయ్య పంపిన తాకాలో నూనె మరకలు వచ్చాయి. ఆమె తన సహజమైన గొంతుతో ఫోనులో నాలుగు మాటలంది. అనడం ఆమెకు అలవాటు, పడటం గాలయ్యకు అలవాటు. మరునాడు మధ్యాహ్నం, మే నెల ఎండలో, మంచి తాకా ఒకటి భుజాన వేసుకొని మల్లేశం అనే పనివాడు పద్మానగర్ నుంచి నడిచి వచ్చాడు. ఆ మరకల బట్ట నేసినవాడు అతనే. మంచి తాకా కింద పెట్టాడు. పన్నెండు మంది ఆడవాళ్ళు చూస్తుండగా వంగి సుశీలాబాయి కాళ్ళు మొక్కాడు. తర్వాత చెడ్డ తాకా భుజాన వేసుకొని బజారు మధ్య నుంచి వెనక్కి నడిచి పోయాడు.

"మల్లేశం మా తల్లిగారి ఊరోడు. నాకు అన్న అయితడు," అంది సుశీలాబాయి. "చిన్నప్పుడు నన్ను ఎత్తుకొని జాతరకు తీస్కపోయిండు. గసుంటోడు నా కాళ్ళు మొక్కిండు బిడ్డా. ఆ దినం నాకు బువ్వ పోలే. నెల తిరగకముందే ఊరికి పోయిండట, మళ్ళ రాలే. నా నోటి వల్లనే గద. అప్పటి సంది మీ బట్టల ఏమొచ్చినా నోరు ముయ్యాలె అనుకున్న. చెడిపోయిన బట్ట లంగల నాడాపట్టీలకు వాడిన. కొన్నొద్దులకు పట్టీలే ఎక్కువైనయి. ఇగ కొనుడే బంద్ చేసిన."

ఇంకో మాట కూడా అంది.

"కంప్లేంట్ చెయ్యలేని కాడ సౌదా ఎట్ల చేస్తరు, నువ్వే చెప్పు."

రూపాలి ఆ తాకాను మడిచి పెట్టింది. బాపు ఇట్లా మనిషిని పంపుతాడన్న సంగతి ఆమెకు తెలియనిది కాదు. చిన్నప్పటి నుంచీ వింటున్నదే, గొప్పగా వింటున్నది. మా బట్టల తప్పు వస్తే చిట్టీ పోదు, మనిషి పోతడు అని గాలయ్య ప్రతి పెళ్ళిలోనూ చెబుతాడు. పక్కన కూర్చున్నవాళ్ళు తల ఊపుతారు. ఆమె కూడా ఊపింది, ఠాణా కౌంటరులో తోటివాళ్ళకు గర్వంగా చెప్పింది కూడా. ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళంతా సిగ్గుగా ఉంది.

ఇక అలా జరగదని సుశీలాబాయికి మాట ఇచ్చింది. అత్తా, నువ్వు నోరు విప్పినందుకు ఒక్క మనిషికి కూడా నష్టం రాదు, నా మీద ఒట్టు అంది. సుశీలాబాయి నమ్మీ నమ్మనట్టు చూసి, కొంగు సర్దుకొని, వచ్చే వారం రెండు తాకాలు పంపి చూడమంది. మెట్లు దిగుతుంటే రూపాలికి ఇన్ని వారాల్లో మొదటిసారి ఆకలి వేసింది.

కానీ ఇంటికి పోలేదు. ఒక్కరి మాట చాలదని కౌంటరు ఉద్యోగం నేర్పింది. అంజూర్ ఫాటా వైపు పోయే ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కొని కూర్చుంది. అక్కడ గోదాముల వరుసలో లక్ష్మీనర్సయ్య దుకాణం ఉంది. దిండ్ల గలీబుల బట్ట కొనేవాడు, ఏడాది కిందే మానేశాడు. ట్రక్కులు అడ్డం తిరిగి అరగంట ఆటో కదల్లేదు. దిగి, దుమ్ములో నడిచి చేరింది. మల్లేశం సంగతి ఎత్తగానే లక్ష్మీనర్సయ్య ఇబ్బందిగా నవ్వాడు. తన దగ్గరికి కూడా అట్లా తాకా మోసుకొని ఇద్దరు పనివాళ్ళు వచ్చారట. రెండోవాడు కాళ్ళ దగ్గర ఏడ్చాడట. మీ బాపు పెద్దమనిషి, ఆయన ముందర ఎవరంటరమ్మా అన్నాడు. అంటే ఈ మొక్కులు చూడలేకనే అందరూ జారిపోతున్నారని గిరాకీలందరికీ తెలుసు. తెలియనిది ఈ ఊళ్ళో గాలయ్య ఒక్కడికే.

ఆమె కార్ఖానా చేరేసరికి మధ్యాహ్నం దాటింది. గాలయ్య కూర్చునే గది ప్లైవుడ్డుతో కట్టింది, సాంచాల వైపు ఒక గాజు పలక. తలుపు వేసినా లోపల టేబులు సన్నగా అదురుతూనే ఉంటుంది. గాలయ్య మంచి హుషారుగా ఉన్నాడు. ఎక్కడికి పోయావని కూడా అడగలేదు. నీకొకటి చెప్పాలె, కూసో అన్నాడు. నాదే ముందు చెబుతానంది రూపాలి. పోన్లే నువ్వే చెప్పు అని కుర్చీలో వెనక్కి వాలాడు.

ఆమె నిలబడే చెప్పింది. సుశీలాబాయి అన్నవీ, లక్ష్మీనర్సయ్య అన్నవీ అన్నట్టే చెప్పింది, ఎక్కడా తగ్గించలేదు. గాలయ్య ముందు నమ్మలేదు. తర్వాత నొచ్చుకున్నాడు. నొచ్చుకుంటే ఆయన పాత కథ ఎత్తుతాడు. ఇప్పుడూ ఎత్తాడు.

ఇరవై ఏళ్ళ కింద ఆయనకు సొంత సాంచాలు లేవు, నాలుగు కిరాయివి. బొంబాయిలో ఒక పెద్ద వ్యాపారి ఆయన బట్టను తిప్పి పంపాడు. గాలయ్య దలాలును పంపలేదు. మంచి తాకా భుజాన వేసుకొని బస్సులో, లోకల్‌లో నిలబడి పోయి, ఆ వ్యాపారి గద్దె ముందు దాన్ని దించి, తప్పు నాది అని కాళ్ళు మొక్కాడు. ఆ వ్యాపారి లేపి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మంచినీళ్ళు ఇచ్చాడు. ఆ రోజు నుంచి పదేళ్ళు గాలయ్య బట్ట తప్ప ఇంకొకటి ముట్టలేదు. ఈ ఇరవై నాలుగు సాంచాలూ ఆ ఒక్క మొక్కులోంచి వచ్చాయని గాలయ్య నమ్మకం. అందులో అబద్ధం లేదు.

"గిరాకీకి గంతకన్న మర్యాద ఏముంటది?" అన్నాడు. "నేను చేసిందే చేపిస్తున్న. తప్పేంది?"

"నిన్ను ఎవ్వరు పంపలే బాపూ," అంది రూపాలి. "నువ్వే పోయినవు. తప్పు నీదన్నవు, వచ్చిన పేరు గూడ నీకే వచ్చింది. పక్కన కూసోబెట్టుకున్నది నిన్ను. మల్లేశం కాకను ఎవరు కూసోబెట్టుకున్నరు? తిప్పి పంపిన తాకా మోసుకుంట బజార్ల నుంచి వచ్చిండు, గంతే."

గాజు పలక అవతల పనివాళ్ళు సాంచాల మధ్య అటూ ఇటూ నడుస్తున్నారు. గాలయ్య వాళ్ళ వైపు చూశాడు, మళ్ళీ కూతురి వైపు చూశాడు. సుశీల గట్లనే అన్నదా అని అడిగాడు. అవునంది. కాసేపటికి అదే ప్రశ్న మళ్ళీ అడిగాడు. ఆయన మొహంలో హుషారంతా ఎప్పుడో దిగిపోయింది. తండ్రిని అట్లా చూడటం రూపాలికి బాధగా ఉంది. అయినా లోపల ఎక్కడో తేలికగా కూడా ఉంది. ఇన్నాళ్ళుగా వెతుకుతున్న తప్పు దొరికింది, ఇక దాన్ని సరిచేయడమే మిగిలింది అనుకుంది.

నువ్వేదో చెప్పాలన్నావు కదా అని అడిగింది.

గాలయ్య టేబులు మీది సామాను అటూ ఇటూ జరిపాడు. అప్పుడు చూసింది రూపాలి, నల్ల అట్ట వహీ తన బీరువాలో లేదు, ఆయన ముందు తెరిచి ఉంది. ఆమె మరాఠీ బడిలో చదివింది కాబట్టి అందులో రాసిందంతా మరాఠీనే. మరాఠీ చదవడం గాలయ్యకు రాదు. రెండింటికీ లిపి ఒకటే కాబట్టి, వచ్చిన నాలుగు హిందీ అక్షరాలతో, పొద్దున్నుంచీ కూర్చొని, ఒక్కో అక్షరం కూడబలుక్కొని ఒక పేజీ చదివాడన్నమాట. కూతురి కోసం.

"సుశీల ఆర్డర్ ఇస్తలేదని నువ్వు తిండి మానేసినవు. చూడలేకపోయిన," అన్నాడు. "తొమ్మిదో సాంచా, కనుకయ్య, తాకా సుశీలకు పోయింది అని రాసి ఉన్నది. మంచి తాకా ఒకటి ఇచ్చి కనుకయ్యను తోలిచ్చిన. నీకు సంతోషమైతదనుకున్న."

ఎప్పుడని అడిగింది రూపాలి. గంట దాటింది, నడుచుకుంటనే పోయిండు అన్నాడు గాలయ్య.

తాను అంజూర్ ఫాటా దుమ్ములో లక్ష్మీనర్సయ్యను అడుగుతున్నప్పుడు, కనుకయ్య తాకా భుజాన వేసుకొని నిజాంపురా వైపు నడుస్తున్నాడు. తోవలో ఆపడానికి ఆయన దగ్గర ఫోను లేదు. ఇప్పుడు పరుగెత్తినా అందడు. సాయంత్రం పాళీ, అంటే షిఫ్టు, మారేసరికి కార్ఖానాలో అందరికీ తెలుస్తుంది. రూపాలమ్మకు చెబితే పేరు బయటికి పోదన్న మాట ఎంతవరకు నిజమో అందరూ చూస్తారు. ఇక ఎవరూ ఏ తప్పూ చెప్పరు, బట్టలో దాచిపెట్టి మడిచేస్తారు. అటు గిరాకీలు, ఇటు పనివాళ్ళు, ఇద్దరూ నోరు మూసుకున్నాక ఆమె వహీలో రాయడానికి ఏమీ ఉండదు.

టేబులు మీద ఫోను మోగింది. గాలయ్య చెయ్యి చాపేలోగా రూపాలి ఎత్తింది.

సుశీలాబాయే. ఆ పెద్ద గొంతు ఇప్పుడు లేదు. పక్కనున్నవాళ్ళకు వినబడకూడదన్నట్టు మాట్లాడుతోంది.

"నోరు విప్పుమన్నవు, విప్పిన. రెండు గంటలు కాలే బిడ్డా. అప్పుడే మనిషిని తోలిచ్చినవా?"

నేను కాదు అనబోయింది రూపాలి. ఆ మాట నిజమే, కానీ దానివల్ల ఎవరికీ ఏ లాభమూ లేదు. నేను కాదంటే మా బాపు అని చెప్పడమే. బాపు వేరు, తాను వేరు అని సుశీలాబాయి ఎందుకు అనుకోవాలి. అవతల ఫోను చేతులు మారిన చప్పుడైంది. తర్వాత కనుకయ్య గొంతు వచ్చింది. జీవితమంతా సాంచాల మోతలో మాట్లాడినవాడు, ఫోనులో కూడా అరిచినట్టే మాట్లాడతాడు. ఆ మాటలు గది అంతా వినబడ్డాయి.

"రూపాలమ్మా, నేను కనుకయ్యను. సేటు కాళ్ళు మొక్కి రమ్మన్నడు. ఈ అమ్మేమో వద్దంటున్నది, లోపటికి పోయి తలుపేసుకుంటనంటున్నది. ఆడోళ్ళందరు మిషన్లు బంద్ చేసి నన్నే చూస్తున్నరు. మొక్కకుండ వస్తే సేటుకు కోపమొస్తది. నువ్వేమంటవు? మొక్కాల్నా, వద్దా?"

తన పేరు ఎట్లా బయటికి పోయిందని ఆయన అడగలేదు. అడిగి ఉంటే, తిట్టి ఉంటే బాగుండేదని రూపాలికి అనిపించింది. తిట్టేవాళ్ళు మళ్ళీ వస్తారు.

ఆమె తండ్రి వైపు చూసింది. గాలయ్య కూడా ఆమెనే చూస్తున్నాడు. ఆయన పొద్దున్నుంచీ కష్టపడి చదివిన పేజీ ఇద్దరి మధ్యా తెరిచే ఉంది. ఆయనను అడిగి చెబుతానని ఫోను పెట్టేయవచ్చు. అప్పుడు కనుకయ్య ఏం చేస్తాడో ఆమెకు తెలుసు. ఈ ఊళ్ళో పనివాడు సేటు మాటే వింటాడు.

"మొక్కకు కాకా," అంది. "తాకా దించి కుర్చీల కూసో. నువ్వు చేసిన తప్పు నువ్వు ఎప్పుడో చెప్పినవు, ఇగ నీ బాకీ ఏం లేదు. ఆడనే ఉండు. బాపు వస్తున్నడు, మొక్కేదుంటే ఆయన మొక్కుతడు."

ఫోను పెట్టి, తలుపు తెరిచి పట్టుకొని నిలబడింది. సాంచాల మోత ఒక్కసారిగా గదిలోకి వచ్చింది. గాలయ్య కుర్చీలోంచి లేవలేదు.